అయస్కాంతానికి లొంగే లేజర్: ఒక లెక్క పనితనం

రసాయన లేజర్లలో ఎక్కువ భాగం అయస్కాంతాన్ని ఖాతరు చేయవు. హైడ్రోజన్ ఫ్లోరైడ్ లేజర్ పక్కన మామూలు విద్యుదయస్కాంతం పెట్టి చూస్తే పవర్‌లో చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాదు. ఆ అణువులో ఎలక్ట్రాన్లన్నీ జతలుగా సర్దుకుని ఉంటాయి కాబట్టి ఒకదాని అయస్కాంతత్వం ఇంకొకదాన్ని రద్దు చేస్తుంది. మిగిలేది కేంద్రకాలదీ, అణువు తిరగడం వల్ల పుట్టేదీ మాత్రమే. అది ఎలక్ట్రాన్ అయస్కాంతత్వం ముందు ఏ వెయ్యో వంతో ఉంటుంది. అయోడిన్ సంగతి వేరు. అయోడిన్ పరమాణువు బయటి కక్ష్యలో ఒక ఎలక్ట్రాన్ తక్కువ. జత లేని ఆ ఒక్క ఎలక్ట్రాన్ తన తీరు మార్చుకోవడంలోనే లేజర్ కాంతి పుడుతుంది. అయస్కాంతం పట్టుకునేదీ దాన్నే.

అందుకే, బయటి అయస్కాంత క్షేత్రం లేజర్ పవర్‌ని ఎంత మారుస్తుందో లెక్క కట్టే పని రసాయన లేజర్లలో అయోడిన్ దగ్గరే పండింది. ఆ లెక్క ఎలా కట్టారన్నదే ఈ వ్యాసం. లేజర్ మీద వచ్చే రాతల్లో ఎన్ని కిలోవాట్లు, ఎంత దూరం అన్న మాటలే ఎక్కువ. నాకు మాత్రం ఈ యంత్రం కన్నా దీని వెనక లెక్కే ఎక్కువ అందంగా కనిపిస్తుంది.

ముందు యంత్రం గురించి క్లుప్తంగా. 1964లో బర్క్లీలో జెరోమ్ కాస్పర్, జార్జ్ పిమెంటెల్ అయోడిన్ ఉన్న వాయువుల మీద ఫ్లాష్ దీపం వెలుగు కొట్టి, అణువులు చిట్లగా విడుదలైన అయోడిన్ పరమాణువుల నుంచి లేజర్ రాబట్టారు. మరుసటి ఏడు ఆ ఇద్దరే హైడ్రోజన్, క్లోరిన్ మండించి మొట్టమొదటి రసాయన లేజర్ చేశారు. ఈ రెండు దారులూ కలిసింది 1977లో, అమెరికాలో ఆల్బుకర్కీ పక్కన కర్ట్‌లండ్ వైమానిక స్థావరంలోని ఆయుధ ప్రయోగశాలలో. అక్కడ మెక్‌డెర్మట్ బృందం ఆక్సిజన్-అయోడిన్ లేజర్‌ని వెలిగించింది. హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో క్షారం కలిపి, ఆ ద్రవంలోకి క్లోరిన్ పంపితే ఉత్తేజిత స్థితిలో ఆక్సిజన్ వస్తుంది. ఈ ఆక్సిజన్‌ని దాని మానాన వదిలేస్తే, కాంతి వెదజల్లి మామూలు స్థితికి దిగడానికి గంటకు పైగా తీసుకుంటుంది. అంత నింపాదిగా ఉండే శక్తిని అయోడిన్‌కి అప్పజెప్పడమే ఈ లేజర్ ఉపాయం. రెండింటి శక్తి స్థాయిలూ చాలా దగ్గరగా ఉన్నాయి కాబట్టి ఢీకొన్నప్పుడు శక్తి చేయి మారుతుంది. అయోడిన్ దాన్ని 1.315 మైక్రాన్ల పరారుణ కాంతిగా ఇచ్చేస్తుంది.

ఇచ్చేస్తుంది అన్నాను గానీ, అది కూడా ఇష్టంగా ఇచ్చేది కాదు. క్వాంటం నియమాల ప్రకారం ఇది నిషిద్ధ పరివర్తన. మామూలుగా పరమాణువులు కాంతితో మాట్లాడేది కాంతిలోని విద్యుత్ క్షేత్రం ద్వారా. ఇక్కడ పై స్థాయీ కింది స్థాయీ ఒకే సౌష్ఠవం గలవి. అందుకని ఆ తలుపు మూసుకుపోయి, కాంతిలోని అయస్కాంత క్షేత్రం అనే సన్నని సందు మాత్రం మిగులుతుంది. ఫలితంగా ఉత్తేజిత అయోడిన్ తనంతట తాను కాంతి విడిచి దిగడానికి సెకనులో పదో వంతుకు పైనే పడుతుంది. పరమాణువుల ప్రపంచంలో అది ఒక యుగం. ఇందువల్ల రెండు ఫలితాలు. శక్తి నిలవ ఉంటుంది, అది లాభం. కాంతి బలపడే వేగం, అంటే లేజర్ వాళ్ళు గెయిన్ అనేది, చాలా తక్కువ. వాయు ప్రవాహంలో ఒక సెంటీమీటరు దాటితే కాంతి ఒక శాతం పెరగడమే గొప్ప. ఇంత బక్క గెయిన్ ఉన్న లేజర్‌లో అద్దాల మధ్య ఇంకో గాజు ముక్క పెట్టి కాంతిని అదుపు చేద్దామంటే, ఆ గాజు మింగే కొద్ది శాతమే కొంప ముంచుతుంది. బయటి నుంచి, దేన్నీ ముట్టుకోకుండా అదుపు చేయగలిగేది అయస్కాంతం ఒక్కటే. ఈ పరిశోధనకు అసలు అవసరం అక్కడ పుట్టింది.

ఇక లెక్కలోకి వద్దాం. ప్రకృతిలో దొరికే అయోడిన్‌కి స్థిరమైన ఐసోటోపు ఒక్కటే, 127. దాని కేంద్రకం స్పిన్ 5/2. ఎలక్ట్రాన్ల కోణీయ ద్రవ్యవేగం పై స్థాయిలో 1/2, కింది స్థాయిలో 3/2. కేంద్రకం స్పిన్‌ని దీనికి కలిపితే పై స్థాయి రెండుగా చీలుతుంది, 2, 3 అని. కింది స్థాయి నాలుగవుతుంది, 1, 2, 3, 4 అని. వాటి మధ్య అనుమతి ఉన్న దారులు ఆరు, కాబట్టి లేజర్ గీత ఒకటి కాదు, దగ్గర దగ్గరగా ఆరు గీతలు. వీటిలో 3 నుంచి 4కి దిగేది అన్నింటికన్నా బలమైనది. అద్దాల మధ్య పోటీలో గెలిచేది మామూలుగా అదే.

ఒక్కో స్థాయిలో ఎన్ని ఉపస్థాయిలు దాగి ఉన్నాయో లెక్కపెడితే పైన 5, 7 కలిపి 12. కింద 3, 5, 7, 9 కలిపి 24. మొత్తం 36. కింద చోటు పైన ఉన్నదానికి రెట్టింపు గనక, పైనున్న పరమాణువుల సంఖ్య కింద ఉన్నవాటిలో సగం దాటితే చాలు, లేజర్‌కి దారి తెరుచుకుంటుంది. మామూలు లేజర్‌కి పైన ఎక్కువ మంది ఉండాలి అని పాఠ్యపుస్తకాల్లో చదువుతాం. అయోడిన్‌కి ఆ మాట సగమే వర్తిస్తుంది. క్షేత్రం లేనప్పుడు ఈ 36 ఉపస్థాయిలూ తమ తమ స్థాయిల్లో ఒకే ఎత్తులో కలిసిపోయి ఉంటాయి. క్షేత్రం పెట్టగానే విడిపోతాయి. 1896లో లైడెన్‌లో పీటర్ జీమన్ చూసింది ఈ విడిపోవడం వల్ల గీతలు వెడల్పవడాన్నే. అందుకే దీన్ని జీమన్ ప్రభావం అంటారు.

ఎంత విడిపోతాయన్నది ఒక్కో స్థాయికి ఒక్కో సంఖ్య నిర్ణయిస్తుంది. దాన్ని జి-గుణకం అంటారు. 3-4 గీతలో పై స్థాయికి అది 1/9, కింది స్థాయికి 1/2. ఈ తేడా ఎందుకొచ్చిందో ఊహించడం కష్టం కాదు. పై స్థాయిలో తిరుగుడు భారమంతా దాదాపు కేంద్రకమే మోస్తోంది. అయస్కాంతత్వం మాత్రం ఎలక్ట్రాన్ దగ్గర ఉంది. కాబట్టి తిరుగుడుతో పోలిస్తే అయస్కాంతత్వం పలచబడింది. కింది స్థాయిలో ఎలక్ట్రాన్ వాటా ఎక్కువ. రెండు గుణకాలూ సమానమై ఉంటే గీత మూడు ముక్కలయ్యేది, లెక్క అరగంటలో తేలిపోయేది. సమానం కావు కాబట్టి ఒక్క 3-4 గీతే 21 ముక్కలవుతుంది. మధ్యలో ఏడు, పక్కన ఏడు, ఇంకో పక్కన ఏడు.

ఈ 21 ముక్కల బలాలు కట్టడంలోనే నేను ముచ్చటపడే పనితనం ఉంది. మధ్య గుంపులో ఏడు ముక్కల బలాలు వరసగా 7, 12, 15, 16, 15, 12, 7. పక్క గుంపులో 1, 3, 6, 10, 15, 21, 28. ఈ రెండో వరస బడిపిల్లలకీ తెలిసిన త్రిభుజ సంఖ్యలే. మూడో గుంపు దానికి అద్దంలో ప్రతిబింబం. ఇక్కడ అమర్చిన స్థిరాంకం ఒక్కటీ లేదు, ప్రయోగం చూసి సరిదిద్దిన అంకె ఒక్కటీ లేదు. కోణీయ ద్రవ్యవేగాలను కలిపే గణితం నుంచి రాలి పడిన పూర్ణాంకాలు ఇవి.

సరిగ్గా వచ్చాయో లేదో చూసుకునే పరీక్ష కూడా లెక్కలోనే ఉంది. పై స్థాయిలో ఏదో ఒక ఉపస్థాయి తీసుకుని, దాన్నుంచి దిగే మూడు దారుల బలాలు కూడండి. చివరిదైతే 7, 28, 1. మొత్తం 36. దాని పక్కది 12, 21, 3. మళ్ళీ 36. ఆ తరువాతది 15, 15, 6. అదీ 36. నడిమిది 16, 10, 10. అదీ 36. ఎందుకు ఇలా? శూన్యంలో ఏ దిక్కూ ప్రత్యేకం కాదు గనక, ఎటు తిరిగి ఉన్న పరమాణువైనా ఒకే వేగంతో దిగాలి. కింది నుంచి పైకి చూస్తే తొమ్మిది ఉపస్థాయిల్లో ప్రతిదానికీ మొత్తం 28 వస్తుంది. ఏడు 36లూ తొమ్మిది 28లూ రెండూ 252 దగ్గర కలుస్తాయి. (ఉపస్థాయిల సంఖ్యా 36, ఈ మొత్తమూ 36 కావడం ఒట్టి యాదృచ్ఛికం. దాంట్లో ఏ రహస్యమూ వెతకనక్కర్లేదు.) కొయ్యపని వాడు మూలమట్టం పెట్టి చూసుకున్నట్టు, ఈ నమూనా రాసేవాడు ఇక్కడ ఆగి చూసుకోవాలి. తరువాత వచ్చే అంచనాలన్నీ వీటి మీదే నిలబడతాయి.

బలాలు తెలిశాక స్థానాలు. ఒక గౌస్ క్షేత్రానికి ఎలక్ట్రాన్ అయస్కాంతత్వం కదిలించే పౌనఃపున్యం 1.4 మెగాహెర్ట్జ్. జి-గుణకాలతో గుణించి చూస్తే మధ్య గుంపులో ముక్కకీ ముక్కకీ మధ్య ఎడం గౌస్‌కి 0.54 మెగాహెర్ట్జ్. పక్క గుంపుల్లో అన్నిటికన్నా బలమైనది, అంటే 28 బలం ఉన్నది, అందరికన్నా దూరంగా గౌస్‌కి 2.33 మెగాహెర్ట్జ్ చొప్పున పారిపోతుంది. మధ్య గుంపులో బలమైనవి నడిమిన ఉంటాయి, పక్క గుంపుల్లో బలమైనవి అంచున ఉంటాయి. ఈ ఒక్క వాక్యం పట్టుకుంటే మిగతా కథ సగం ఊహించవచ్చు.

అయితే ఈ ముక్కలు గీసినంత సన్నగా కనిపించవు. వాయువులో పరమాణువులు తలో దిక్కుకీ పరుగెడుతుంటాయి కాబట్టి డాప్లర్ ప్రభావం ప్రతి ముక్కనీ అలుకుతుంది. గది వేడిమి దగ్గర అయోడిన్ గీత వెడల్పు సుమారు 250 మెగాహెర్ట్జ్. భూమి అయస్కాంత క్షేత్రం అర గౌస్ ప్రాంతంలో ఉంటుంది, అది జరిపేది ఒక మెగాహెర్ట్జ్ అటూ ఇటూ. లేజర్‌కి దాని సంగతే తెలియదు. 100 గౌస్ నుంచి కథ మొదలవుతుంది. ఆసుపత్రి ఎం.ఆర్.ఐ. యంత్రంలో ఉండే క్షేత్రం 15,000 గౌస్ అని గుర్తుంచుకుంటే, ఇది ఎంత చిన్న క్షేత్రమో తెలుస్తుంది. ఓ మోస్తరు తీగచుట్టతో తెచ్చుకోవచ్చు.

కాంతి దారికి అడ్డంగా 100 గౌస్ క్షేత్రం పెట్టి, పైన చెప్పిన బలాలనూ స్థానాలనూ డాప్లర్ వెడల్పుతో కలిపి చూస్తే మధ్య గుంపు గెయిన్ క్షేత్రం లేనప్పటి దాంట్లో 73 శాతానికి దిగుతుంది. పక్క గుంపులది 42 శాతం దగ్గరికి పడిపోతుంది. 300 గౌస్ దగ్గర మధ్య గుంపు 30 శాతం, పక్క గుంపులు చెరొక వైపు శిఖరం దగ్గర 22 శాతం. రెండు రకాల కాంతికీ ధ్రువణం వేరు కాబట్టి, క్షేత్రం పెట్టగానే లేజర్ తన ధ్రువణాన్ని తానే ఎంచుకుంటుంది. ఏ ధ్రువణం? ఇక్కడ పాఠ్యపుస్తకం గుడ్డిగా నమ్మినవాడు బోల్తా పడతాడు. మామూలు పరివర్తనల్లో మధ్య గుంపు కాంతి విద్యుత్ క్షేత్రం బయటి అయస్కాంత క్షేత్రానికి సమాంతరంగా ఊగుతుంది. ఇది అయస్కాంత పరివర్తన కాబట్టి మొత్తం తలకిందులు. మధ్య గుంపు కాంతి బయటి క్షేత్రానికి లంబంగా ఊగుతుంది. ఒక్క గుర్తు తప్పితే నమూనా అంకెలన్నీ సరిగ్గానే ఉండి, ఫలితం మాత్రం 90 డిగ్రీలు పక్కకి తిరుగుతుంది.

ఈ లెక్క చెప్పే అన్నింటికన్నా ఆసక్తికరమైన విషయం ఇంకొకటి ఉంది. మధ్య గుంపులో నట్టనడిమి ముక్క, 16 బలం ఉన్నది, క్షేత్రానికి కదలదు. పైన సున్నా, కింద సున్నా ఉపస్థాయిల మధ్య అది నడుస్తుంది, సున్నాని ఏ గుణకంతో గుణించినా సున్నాయే. అంటే క్షేత్రం ఎంత పెంచుకుంటూ పోయినా, 84లో 16 వంతులు, అంటే 19 శాతం గెయిన్, ఉన్నచోటే ఉంటుంది. అద్దాలు మంచివై, అంతకన్నా తక్కువ గెయిన్‌తోనే లేజర్ వెలగగలిగితే, ఆ లేజర్‌ని అడ్డంగా పెట్టిన ఒకే దిక్కు క్షేత్రంతో ఆర్పడం అసాధ్యం. ఈ లెక్క చెల్లే హద్దుల్లో ఎంత పెద్ద అయస్కాంతం తెచ్చినా అంతే. పోనీ కాంతి దారి వెంటే క్షేత్రం పెడదామంటే మధ్య గుంపు ఆ దిక్కులో కాంతినే ఇవ్వదు గానీ, పక్క గుంపుల చివరి ముక్క 84లో 28, మూడో వంతు, పక్కకి జరిగిన పౌనఃపున్యం దగ్గర వృత్తాకార ధ్రువణంతో నిలబడి ఉంటుంది. అదీ ఆరదు. లెక్కే దీనికి మార్గం కూడా చూపిస్తుంది. అయస్కాంతాన్ని రెండు ముక్కలుగా చేసి, ఒకదాని క్షేత్రం నిలువుగా, రెండోదాని క్షేత్రం అడ్డంగా పెడితే, మొదటి భాగంలో మధ్య గుంపుగా బతికిన కాంతి రెండో భాగంలోకి పక్క గుంపుగా వెళ్ళి అనాథ అవుతుంది. నట్టనడిమి గెయిన్ మళ్ళీ సగమవుతుంది. అయస్కాంతం బలం కన్నా దాని అమరికే ముఖ్యమని కాగితం మీదే తేలిపోయింది. ఇలాంటి చోట నమూనా తన ఖర్చు తాను రాబట్టుకుంటుంది.

ఇంతవరకూ మాట్లాడింది గెయిన్ గురించి. చాలామంది ఇక్కడే ఆగి, గెయిన్ 30 శాతానికి పడితే పవర్ కూడా 30 శాతానికి పడుతుందనుకుంటారు. నిరంతరంగా నడిచే రసాయన లేజర్‌లో అలా జరగదు. మంచి నమూనాని నాసి నమూనా నుంచి వేరు చేసేది ఈ మలుపే.

అయస్కాంతం రసాయన చర్యలను ముట్టుకోదు. క్లోరిన్ అంతే చర్య జరుపుతుంది, ఆక్సిజన్ అంతే ఉత్తేజితమవుతుంది, ప్రవాహం అంతే శక్తి మోసుకొస్తుంది. మారేది ఒక్కటే. అద్దాల నష్టాన్ని భర్తీ చేయడానికి కావలసిన గెయిన్ నిలబెట్టాలంటే ఇప్పుడు ఇంకా ఎక్కువ అయోడిన్ పై స్థాయిలో ఉండాలి. అంటే ఆక్సిజన్‌లోని శక్తిని పూర్తిగా పిండుకోకుండా కొంత వదిలేయాలి. వదిలేసినది ప్రవాహంతో పాటు వాయువుని లాగే పంపులోకి పోతుంది. కాబట్టి క్షేత్రం వల్ల పవర్ నష్టం అంటే, ప్రవాహంలో వృథాగా కొట్టుకుపోయే శక్తి ఎంత పెరిగింది అన్న ప్రశ్నే.

ఒక ఊహా ఉదాహరణ వేసుకుందాం. ఆక్సిజన్‌లో సగం ఉత్తేజితమై వచ్చిందనుకోండి. ఆక్సిజన్, అయోడిన్ల మధ్య శక్తి మార్పిడి సమతుల్యంలో ఉందనుకోండి. క్షేత్రం లేనప్పుడు లేజర్ నిలబడటానికి, అయోడిన్ ఇవ్వగల గరిష్ఠ గెయిన్‌లో పదో వంతు చాలనుకోండి. గది వేడిమి దగ్గర ఆ సమతుల్య స్థిరాంకం 2.9 కాబట్టి, క్షేత్రం లేనప్పుడు ఆక్సిజన్ ఉత్తేజం 50 శాతం నుంచి 19 శాతం దాకా దిగేవరకూ పిండుకోవచ్చు. 300 గౌస్ పెడితే 30 శాతం దగ్గరే ఆగిపోవాలి. 31 వంతులు రాబట్టేచోట 20 వస్తాయి. గెయిన్ 30 శాతానికి పడితే పవర్ 64 శాతం దగ్గర నిలిచింది. ఇదే లేజర్‌ని ధ్వని వేగం మించిన నాజిల్ గుండా పంపి 150 కెల్విన్‌కి చల్లబరిస్తే కథ ఇంకా మారుతుంది. చలికి డాప్లర్ వెడల్పు 177 మెగాహెర్ట్జ్‌కి సన్నబడుతుంది కాబట్టి అదే 300 గౌస్‌కి గెయిన్ ఇంకా ఎక్కువ పడి 22 శాతం దగ్గరికి చేరుతుంది. కానీ సమతుల్య స్థిరాంకం 11 దగ్గరికి ఎగబాకడంతో అయోడిన్ పై స్థాయిలోనే ఉండటానికి మొగ్గు చూపుతుంది. పవర్ 83 శాతం నిలుస్తుంది. గెయిన్‌కి ఎక్కువ దెబ్బ తగిలిన చోట పవర్‌కి తక్కువ దెబ్బ తగిలింది! రెండు లెక్కలనూ కలగలిపి ఒకే గుణకంతో సరిపెట్టే నమూనాలో ఈ ఫలితం ఎన్నటికీ బయటపడదు. పరమాణువు లెక్కని ఒకచోట తెగ్గొట్టి, ప్రవాహం లెక్కని ఇంకోచోట నడిపి, రెండూ కలిసేది లేజర్ వెలిగే అంచు దగ్గర మాత్రమే అని తెలిసినవాడికే ఇది దక్కుతుంది.

మరి ఇంత కష్టపడి పవర్ తగ్గించడం దేనికి? ఆర్పడం కోసం కాదు, పల్సుల కోసం. చెరువు తూము మూసి నీరు నిలిపి ఒక్కసారి ఎత్తినట్టు, క్షేత్రంతో లేజర్‌ని ఆపి, మైక్రోసెకన్లలో క్షేత్రం తీసేస్తే పోగుపడిన శక్తి ఒక్క పెట్టున వస్తుంది. ఈ పద్ధతి మీద 1990ల మొదట్లో కర్ట్‌లండ్‌లోనూ, ప్రాగ్ భౌతికశాస్త్ర సంస్థలో కొడిమోవా, ష్మీడ్‌బెర్గర్ల బృందంలోనూ పని జరిగింది. నమూనా ఇక్కడ ఆశని అదుపులో పెడుతుంది. ఆ క్షణంలో ఖర్చుకి సిద్ధంగా ఉండేది అయోడిన్‌లోని శక్తే. ప్రవాహంలో అయోడిన్ పాలు ఆక్సిజన్‌లో నూటికి ఒకటో రెండో. కాబట్టి మొదటి మెరుపు పదునుగా ఉన్నా బరువు తక్కువ. దాని వెనక ఆక్సిజన్ మళ్ళీ అయోడిన్‌ని నింపుకుంటూ ఒకటి రెండు మైక్రోసెకన్లలో అందుకుంటుంది. అందుకే పల్సుకి పొడుగాటి తోక వస్తుంది. పైగా ప్రవాహం ఆగదు. లేజర్ ఆగి ఉన్నంతసేపూ నిండుగా ఉన్న వాయువు అద్దాల మధ్య నుంచి జారిపోతూనే ఉంటుంది.

ఈ లెక్కల చరిత్రలో ఒక ముచ్చట ఉంది. 1964లో అయోడిన్ లేజర్ తొలిసారి వెలిగించిన కాస్పరే 1972లో హ్వాంగ్‌తో కలిసి ఆ లేజర్ గీతల మీద జీమన్ ప్రభావాన్ని కొలిచి ప్రచురించాడు. తాను కనిపెట్టిన దాన్ని ఇంకొకరికి వదిలేయకుండా దాని సూక్ష్మ నిర్మాణం దాకా వెళ్ళిన మనిషి. 1991లో కెల్లీ, మెకైవర్, షే, హేగర్ నిరంతర అయోడిన్ లేజర్ పౌనఃపున్యాన్ని క్షేత్రంతో కావలసినట్టు జరిపి చూపించారు. లేజర్‌ని ఆపడానికి వాడే పనిముట్టునే శ్రుతి చేయడానికి వాడారన్నమాట. పక్క గుంపుల శిఖరాలు క్షేత్రంతో పాటు కదులుతాయని పైన చూశాం కదా, లేజర్ ఆ శిఖరం వెంట నడుస్తుంది.

నమూనాకి హద్దులున్నాయి. వాటిని గుర్తించిన తీరు కూడా పనితనమే. సరళరేఖ లెక్క కొన్ని వందల గౌస్ దాకా బాగుంటుంది. కింది స్థాయిలో 3, 4 మధ్య ఎడం 4.2 గిగాహెర్ట్జ్. 300 గౌస్‌లో క్షేత్రం ప్రభావం దానిలో పదో వంతు. కానీ 1, 2 స్థాయిల మధ్య ఎడం 0.7 గిగాహెర్ట్జే కాబట్టి అవి ముందే ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. బలహీన గీతలను కూడా సరిగ్గా రాబట్టాలంటే మొత్తం మాత్రికని పరిష్కరించాలి. 24 గదుల మాత్రిక అంటే భయపడనక్కర్లేదు. అక్షం వెంట కోణీయ ద్రవ్యవేగం మారదు గనక అది చిన్న చిన్న ముక్కలుగా విడిపోతుంది. అన్నిటికన్నా పెద్ద ముక్క నాలుగుకి నాలుగు. పై స్థాయికైతే 1931లో బ్రైట్, రాబీ ఇచ్చిన సూత్రం ఉంది, ఒక్క వర్గమూలంతో తేలిపోతుంది. పీడనం పెరిగితే మాత్రం ఈ నగిషీ అంతా వృథా. గుద్దుళ్ళ వల్ల ప్రతి గీతా గిగాహెర్ట్జ్‌ల మేర మొద్దుబారుతుంది, కొన్ని వందల గౌస్ తెచ్చే చీలిక దానిలో మునిగిపోతుంది. అయస్కాంతానికి బాగా లొంగేది కొన్ని టార్‌ల పీడనం మాత్రమే ఉన్న పలచటి ప్రవాహమే.

అసలైన బలహీనత క్వాంటం వైపు లేదు. లేజర్ జోరుగా నడుస్తున్నప్పుడు కాంతి కొన్ని ఉపస్థాయిలనే ఖాళీ చేస్తుంది. గుద్దుళ్ళు వాటిని ఎంత వేగంగా తిరిగి సమం చేస్తాయన్నది సరళమైన నమూనాల్లో ఊహగానే ఉంటుంది. అంతకన్నా ముందు, అయోడిన్ అణువుని ఆక్సిజన్ ఏ మెట్ల మీదుగా విడగొడుతుందన్నది దశాబ్దాలుగా వాదనల్లో ఉన్న విషయం. ఒక పక్క ఆరో దశాంశం దాకా తెలిసిన పరమాణువు, ఇంకో పక్క అంచనాలతో నడిచే ప్రవాహం. మంచి నమూనాకారుడు మొదటిదాని కచ్చితత్వాన్ని రెండోదానికి అంటగట్టడు. గెయిన్ నిష్పత్తుల మీద గట్టిగా మాట్లాడతాడు, మొత్తం పవర్ మీద జాగ్రత్తగా మాట్లాడతాడు.

ఆక్సిజన్-అయోడిన్ లేజర్ రోజులు చాలావరకు గడిచిపోయాయి. దాన్ని మోసిన బోయింగ్ 747 విమానం 2010 ఫిబ్రవరి 11న కాలిఫోర్నియా తీరంలో ఒక క్షిపణిని కూల్చింది. 2011లో ఆ పథకం రద్దయింది, 2014లో విమానం తుక్కు కింద పోయింది. 2025 ఏప్రిల్‌లో మన కర్నూలు దగ్గర డీఆర్‌డీవో పరీక్షించిన 30 కిలోవాట్ల లేజర్ రసాయన లేజర్ కాదు. క్లోరిన్ తొట్లూ పెరాక్సైడ్ పంపులూ మోసే ఓపిక ఇప్పుడు ఎవరికీ లేదు. కానీ అయోడిన్ పరమాణువు ఎక్కడికీ పోలేదు, దాని 36 ఉపస్థాయిలూ అలాగే ఉన్నాయి.

ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివేవాళ్ళకి ఒక మాట. జీమన్ ప్రభావం అనగానే సోడియం పసుపు గీతలు అప్పజెప్పడం అలవాటైపోయింది. ఈసారి అయోడిన్ 3-4 గీత వేసి చూడండి. కాగితం, కలం, చివర్లో డాప్లర్ వంపులు కూడటానికి ఒక స్ప్రెడ్‌షీట్ చాలు. 21 బలాలూ రాసుకున్నాక, వంపులు గీయక ముందే పైనుంచి 36, కింది నుంచి 28 వస్తున్నాయేమో చూసుకోండి. రాకపోతే ఏదో ఒక గుర్తు తప్పింది, వెనక్కి వెళ్ళాల్సిందే.